నీళ్ళు తీశాక నష్టం ఎవరి పేరున రాస్తారు? ఉప్పాడ కోత, గోదావరి లంకలు, దళితులు

వరద గురించి మన దగ్గర రాసింది చాలానే ఉంది. నీరు ఎన్ని అడుగులకి వచ్చింది, ధవళేశ్వరం దగ్గర ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు, ఏ గట్టు ఎక్కడ తెగింది, మంత్రిగారు ఏ పడవలో తిరిగారు, ఇవన్నీ పేపర్లో వస్తాయి. నీళ్ళు తీశాక ఏం జరుగుతుందన్నది మాత్రం పెద్దగా రాయరు. నీళ్ళు తీసిన కొద్దిరోజులకి ఊళ్ళోకి ఒక జాబితా వస్తుంది. దాన్ని ఎన్యూమరేషన్ అంటారు. ఏ రైతుకి ఎంత పంట పోయింది, ఎవరి ఇల్లు ఎంత కూలింది, ఎవరి గొడ్డు చచ్చింది అన్నది అందులో ఎక్కుతుంది. అందులో పేరు ఎక్కితే నష్టపోయినట్టు. ఎక్కకపోతే సర్కారు లెక్కలో వాళ్ళకి ఏమీ పోనట్టే.

మట్టిని నీరు తీసుకుపోతుంది. ఆ మట్టి ఎవరిదో జాబితా తేలుస్తుంది. ఈ రెండో పనిలో కులం ఎట్లా పనిచేస్తుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు గోదావరి ప్రాంతంలోని మూడు అంచుల్ని తీసుకుంటున్నాను. ఒకటి ఉప్పాడ సముద్రపు అంచు. రెండోది గోదావరి లంకలు. మూడోది గొల్లప్రోలు దగ్గర ఒక వాగు అంచు. ఈ మూడూ వేరువేరు చోట్లే గానీ, మూడింటినీ కలిపే సూత్రం ఒకటుంది.

ఉప్పాడ: తేదీ లేని వరద

ఉప్పాడ కాకినాడకి ఉత్తరాన, కొత్తపల్లి మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా ఇది తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కాకినాడ జిల్లా. జాందానీ చీరల వల్ల ఈ ఊరి పేరు దేశమంతా తెలుసు. అదే ఊళ్ళో సముద్రం ఏళ్ళ తరబడి నేలని కోసుకుంటూ వస్తోంది. ఉప్పాడ, సూరాడపేట, మాయాపట్నం, కోనపాపపేట, ఈ వరసలో తుపాను వచ్చినప్పుడల్లా కొన్ని ఇళ్ళు కూలుతాయి. కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు తెగుతుంది, బండలు వేసి మళ్ళీ కడతారు, మళ్ళీ తెగుతుంది. 2014 అక్టోబరు హుద్‌హుద్ అప్పుడూ ఇదే, 2025 అక్టోబరు మొంథా అప్పుడూ ఇదే. మధ్యలో ఇసుక నింపిన జియోట్యూబులతో గోడ కట్టారు. కొన్నేళ్ళకి అదీ దెబ్బతింది.

ఎందుకు కోస్తోంది? సముద్రుడికి కోపం వచ్చి కాదు. డెల్టా అంటేనే నది తెచ్చి పోసిన మట్టి. నది పోస్తూ ఉంటుంది, సముద్రం కొంత తీసుకుంటూ ఉంటుంది. పోసేది తగ్గితే తీసుకునేది కళ్ళకి కనబడుతుంది. గోదావరి మీదా దాని ఉపనదుల మీదా ఆనకట్టలు, జలాశయాలు పెరిగేకొద్దీ ఒండ్రు వాటి వెనకే ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, 1970లలో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులున్న ఒండ్రు 1990లకి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. 1976–2001 మధ్య డెల్టా అంచున పోయిన నేల, కొత్తగా కలిసిన నేలని మినహాయించి చూసినా, 18 చదరపు కిలోమీటర్లు దాటింది. ఉప్పాడ దగ్గర దీనికి స్థానిక కారణాలు కూడా తోడయ్యాయి. కాకినాడకి ఎదురుగా ఉత్తరానికి పెరిగిన ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్ వల్ల కెరటాల జోరు ఉప్పాడ వైపు మళ్ళుతోందనీ, రేవు కట్టడాల వల్ల ఒడ్డు వెంట ఉత్తరానికి జరిగే ఇసుకకి అడ్డు పడిందనీ పరిశోధకులు చెబుతున్నారు.

అంటే ఉప్పాడలో కూలుతున్న ఇంటికీ ఎక్కడో ఎగువన ఆయకట్టుకి నీరందించే జలాశయానికీ సంబంధం ఉంది. ఆయకట్టులో భూమి ఉన్నవాడికి నీళ్ళు అందాయి. ఆ నీళ్ళ ఖర్చులో కొంత అంచున ఉన్నవాళ్ళు ఇంటి స్థలాలతో కడుతున్నారు. ఆ అంచున ఉన్నది ఎక్కువగా వాడబలిజలు, ఇతర మత్స్యకార కులాలు. వీళ్ళు వెనకబడిన తరగతుల ‘ఎ’ గ్రూపు వాళ్ళు, షెడ్యూల్డు కులాల వాళ్ళు కారు. అయినా దళిత అధ్యయనం వీళ్ళని చూడాలి. కాగితం లేని బతుకు మాల, మాదిగ పేటల దగ్గర ఆగిపోయేది కాదు.

2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ ఒడ్డున బంగారు రవ్వలు దొరుకుతున్నాయని జనం ఇసుక జల్లెడ పట్టారు. అది పెద్ద వార్త అయింది. కూలిన పాత ఇళ్ళలోంచీ, మునిగిన గుళ్ళలోంచీ అవి కొట్టుకొచ్చి ఉంటాయని ఊళ్ళో వాళ్ళే చెప్పారు. బంగారం వార్త అయింది గానీ, ఆ బంగారం ఏ ఇళ్ళల్లోంచి వచ్చిందో ఆ ఇళ్ళ వార్త అంత పెద్దది కాలేదు.

ఇక్కడ ఒక సాంకేతికమైన విషయం తెలుసుకోవాలి. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను ఉంది, వరద ఉంది, సునామీ ఉంది, కొండచరియలు విరిగిపడటం ఉంది. సముద్రపు కోత గానీ నదీ కోత గానీ ఆ జాబితాలో విడిగా లేదు. కాబట్టి తుపాను రోజున ఇల్లు కూలితే అది విపత్తు. తుపాను లేని పౌర్ణమి పోటుకి అదే ఇల్లు కూలితే దానికి తేదీ లేదు, పేరు లేదు. 15వ ఆర్థిక సంఘం ఈ లోపాన్ని గుర్తించింది. 2021–26 కాలానికి కోత నివారణకి 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి కేటాయించమని సిఫారసు చేసింది. కోతకి గురైనవాళ్ళు కూడా నిర్వాసితులేనని ఒక జాతీయ స్థాయి సంఘం ఒప్పుకోవడం మనకి పనికొచ్చే మాట. కానీ మన దగ్గర కోత అనగానే గోడ గురించే మాట్లాడుకుంటాం, మనిషికి స్థలం ఎక్కడ అని అడగం. గోడకి టెండరు ఉంటుంది, కాంట్రాక్టరు ఉంటాడు. స్థలం పోయినవాడికి ఎవరున్నారు?

లంక: కూలి మనది, మట్టి సర్కారుది

ఉప్పాడకి చేరాల్సిన ఒండ్రు దారిలో కొంత ఆగి లంక అవుతుంది. నది మధ్యలో, ఏటిగట్లకి లోపల ఏర్పడే దీవినే లంక అంటున్నాం. కాటన్ కాలంలో, 1847–1852 మధ్య, ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక డెల్టాకి కాలవలు వచ్చాయి, గట్లు బలపడ్డాయి. గట్టుకి బయట ఉన్నది మాగాణి, గట్టుకి లోపల ఉన్నది లంక. వరద వచ్చినప్పుడు గట్టు బయటి పొలాన్ని కాపాడుతుంది. ఆ కాపాడిన నీరంతా లోపల లంక మీదే నిలబడుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకి చేరింది, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద నడిచింది. అలాంటి వరదలో గట్టు తెగితే రాష్ట్రమంతా మాట్లాడుకుంటుంది. లంక మునగడానికి గట్టు తెగనక్కర్లేదు. అక్కడ మునగడం మామూలే అని లెక్క.

లంక ఎవరిది? నది వేసిన మట్టి సర్కారుది అన్నది బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న సూత్రం. సర్కారు లంకల్ని లీజుకి ఇచ్చేది, వేలం వేసేది. వేలంపాటలో పాడగలిగినవాడు కామందు. గడ్డి కోసి, జమ్ము తవ్వి, పొగాకు నాటి, కూరగాయలు వేసి ఆ మట్టిని పొలం చేసింది పేటల వాళ్ళు. దళిత ఉద్యమాల ఒత్తిడి వల్ల వ్యవసాయ కూలీల సహకార సంఘాలకి, అంటే ఫీల్డ్ లేబర్ సొసైటీలకి, లంకల్ని లీజుకి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. గోదావరి జిల్లాల్లో దళితుల భూమి చరిత్ర రాయాలంటే ఈ లంక సొసైటీల్ని వదిలేసి రాయలేం. అయితే సొసైటీకి ఇచ్చింది లీజు, హక్కు కాదు. లీజు సొసైటీ పేరున ఉండి సాగు కామందు చేతిలో ఉన్న చోట్లూ ఉన్నాయి. కామందు దగ్గర సొంత మనుషులు మక్తాకి తీసుకున్న చోట్లూ ఉన్నాయి.

లంకల్ని రెవెన్యూ వాళ్ళు ఎ, బి, సి అని మూడు తరగతులుగా విడదీస్తారు. గట్టిపడి మెరక అయినవి పై తరగతులు, వరదకి ఎప్పుడు కొట్టుకుపోతాయో తెలియనివి కింది తరగతి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఎ, బి తరగతి లంకల్లో సాగు చేసుకుంటున్న పేదలకి డి పట్టాలు, సి తరగతికి ఐదేళ్ళ లీజు ఇవ్వాలని నిర్ణయించింది. పట్టా రావడం చిన్న విషయం కాదు. కానీ ఆ విభజనలోని తర్కం చూడండి. ప్రమాదం తక్కువున్న చోట కాగితం గట్టిది, ప్రమాదం ఎక్కువున్న చోట కాగితం పలచనిది. నష్టపరిహారం అవసరం ఎక్కువ ఎవరికో, వాళ్ళ చేతిలోనే దాన్ని అడిగే ఆధారం తక్కువ.

జాబితా ఎట్లా రాస్తారు

ఇప్పుడు అసలు నిబంధనలకి వద్దాం. రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ నిర్ణయిస్తుంది. 2022–26 కాలానికి ఇచ్చిన నిబంధనల్లో మన విషయానికి ముఖ్యమైనవి ఇవి.

పొలంలో మూడంగుళాల మందం దాటి ఇసుక మేట వేస్తే దాన్ని తీసుకోడానికి హెక్టారుకి 18,000 రూపాయలు. నది దారి మారి భూమిలో చాలాభాగం కొట్టుకుపోతే హెక్టారుకి 47,000 రూపాయలు. ఈ రెండోదాని పక్కనే ఒక షరతు ఉంది. రెవెన్యూ రికార్డుల ప్రకారం ఆ భూమి మీద చట్టబద్ధమైన యాజమాన్యం ఉన్న చిన్న, సన్నకారు రైతులకే ఇది వర్తిస్తుంది. చిన్న రైతుని ఉద్దేశించిన సాయమే, సందేహం లేదు. కానీ లంకలో ముప్పై ఏళ్ళు సాగు చేసినవాడికి రికార్డులో యాజమాన్యం లేదు. లంక నదిలో కలిసిపోతే పోయింది సర్కారు భూమి అని రాస్తారు. సాగు చేసినవాడి పేరు ఎక్కడా రాదు.

పంట నష్టం కొంచెం వేరు. పెట్టుబడి రాయితీ సాగుదారుకి ఇవ్వాలన్నది మాట వరకు ఉంది. సాగుదారు అని నిరూపించుకోవాలంటే కార్డు కావాలి. 2011 నాటి చట్టం రుణ అర్హత కార్డు అంది. 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు అంది, దానికి యజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందని కామందు భయం. సంతకం అడిగితే వచ్చే ఏడాది కౌలు పోతుందని కౌలుదారు భయం. ఈ రెండు భయాలకీ బలం సమానం కాదు. కౌలు పోయిన దళిత కుటుంబానికి ఆ ఊళ్ళో ఇంకో కామందు దొరకడం కష్టం, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

ఇల్లు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు. గుడిసె పోతే 8,000 రూపాయలు. గుడిసె అంటే ఏమిటో కూడా నిబంధనే చెప్పింది. తాటాకు, మట్టి, ప్లాస్టిక్ పట్టాల్లాంటి వాటితో వేసుకున్న, కచ్చా ఇంటికన్నా తక్కువదైన తాత్కాలిక వసతి గుడిసె. కచ్చా ఇంటికీ గుడిసెకీ మధ్య గీత ఎక్కడుందో తేల్చేది జాబితా రాసే ఉద్యోగి కళ్ళు. ఆ గీతకి అటు పడ్డామా ఇటు పడ్డామా అన్నదానిమీద పదిహేను రెట్లు తేడా. దీనికి తోడు, కూలిన ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. పోరంబోకులోనో, ఏటిగట్టు మీదో, సముద్రపు ఒడ్డునో వేసుకున్న ఇంటికి ఆ ధ్రువీకరణ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊరి నడుమ స్థలం దొరక్క ఒడ్డుకి పోయినవాళ్ళని ఒడ్డున ఎందుకున్నావని అడిగినట్టు ఉంటుంది ఇది.

ఇక కూలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. కొబ్బరి చెట్టు పోతే చెట్టు యజమానికి నష్టం లెక్క ఉంటుంది. అదే చెట్టుకి దింపు తీసేవాడికి, కాయ వలిచేవాడికి, పీచు తీసే ఆడకూలికి పోయింది ఎన్ని ఏళ్ళ పని? కొత్త మొక్క కాపుకి రావడానికి పట్టే ఏళ్ళన్నీ వాళ్ళ నష్టమే. చెట్టు ఆస్తి, పని ఆస్తి కాదు. అందువల్ల పని పోవడం ఏ కాలమ్‌లోకీ రాదు.

ఇక్కడ మన కార్యకర్తలు గట్టిగా పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకి రోజువారీ సాయం ఇవ్వాలని అవే నిబంధనల్లో ఉంది. దాన్ని ఉపాధి హామీ కూలి రేటుతో, కుటుంబంలో ఇద్దరు పెద్దవాళ్ళకి లెక్కకట్టాలని కూడా ఉంది. దీనికి పట్టా అక్కర్లేదు. బియ్యం, పప్పు, నూనె పొట్లంతో సాయం అయిపోయిందని చెప్పినప్పుడు ఈ నిబంధన ఎక్కడ అమలు చేశారని రాతపూర్వకంగా అడగవచ్చు.

కులం పేరెత్తని వివక్ష

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో 61వ సెక్షన్ ఉంది. పరిహారంలో, సహాయంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష ఉండకూడదని అది చెబుతుంది. ఈ సెక్షన్ రావడానికి ఒక సంవత్సరం ముందే 2004 డిసెంబరు సునామీ వచ్చింది. నాగపట్నం జిల్లాలో సహాయ శిబిరాల దగ్గర దళితుల్ని వేరుగా చూడటం గురించి అప్పుడు చాలా నివేదికలు వచ్చాయి. శవాలు తీసే పనికి వేరే ఊళ్ళనుంచి కూడా పారిశుధ్య కార్మికుల్ని తెచ్చారు. నీళ్ళు తీశాక సాయం అందే వరసలో చివర ఉన్నవాళ్ళే బురద తీసే వరసలో ముందుంటారన్నది మన ఊళ్ళల్లో కొత్త సంగతేమీ కాదు.

61వ సెక్షన్ మంచిదే. అది పట్టుకోగలిగేది మాత్రం కళ్ళకి కనపడే వివక్షని. నీళ్ళ ట్యాంకు దగ్గర తోసేస్తే, శిబిరంలో రానివ్వకపోతే ఆ సెక్షన్ పనికొస్తుంది. జాబితా రాసే ఉద్యోగి ఎవరినీ కులం అడగడు. పట్టాదారు పాసుపుస్తకం ఉందా, ఇంటి పన్ను రశీదు ఉందా, కౌలు కార్డు ఉందా అని మాత్రమే అడుగుతాడు. ఆ ఉద్యోగి మనవాడే అయినా జవాబు మారదు. భూమి ఎవరి చేతిలో ఉండాలో, ఊళ్ళో ఇల్లు ఎక్కడ ఉండాలో తరాల కిందట కులమే తేల్చింది. ఆ తేల్చినదాన్నే ఇవాళ్టి కాగితం అర్హత అంటోంది. వరద అందర్నీ ఒకేలా ముంచుతుందన్న మాట అందరూ అంటారు. నీళ్ళ వరకు అది కొంత నిజం కావచ్చు. నీళ్ళు తీశాక మాత్రం అది అబద్ధం.

పునరావాసమే మళ్ళీ ముంపు

మూడో అంచు గొల్లప్రోలు. ఉప్పాడకి దగ్గర్లోనే, ఏలేరు కింద ఉన్న ప్రాంతం. ఉప్పాడలో నేల పోయినవాళ్ళకైనా, లంక పోయినవాళ్ళకైనా సర్కారు చూపించే పరిష్కారం ఇళ్ళ స్థలం. ఆ స్థలం ఎక్కడిస్తారన్నది ఇక్కడ తెలుస్తుంది. గొల్లప్రోలు దగ్గర సుద్దగడ్డ వాగు పక్కన పేదలకి ఇళ్ళ స్థలాలిచ్చి కాలనీ వేశారు. 2024 సెప్టెంబరులో వాగు పొంగి ఆ కాలనీ ముంపులో చిక్కుకుంది. ఉపముఖ్యమంత్రి వచ్చి నీళ్ళలో నడిచి చూశారు. ఇలాంటి పల్లపు స్థలాన్ని ఎందుకు కొన్నారన్న చర్చ అప్పుడు నడిచింది. ఆ చర్చ పార్టీల మధ్య ఎవరు తిన్నారు అన్నదగ్గర ఆగింది.

దాన్ని ఇంకొంచెం ముందుకి తీసుకుపోవాలి. పేదలకి పల్లం ఎందుకు దొరుకుతుంది? మెరక ఎప్పుడో ఊరికి అయిపోయింది. గోదావరి జిల్లాల ఊళ్ళు చూడండి. ఊరు మెరకన ఉంటుంది. పేట కాలవ గట్టు కిందో, మురుగు బోదె పక్కనో, చేల అంచునో ఉంటుంది. సర్కారు స్థలం కొనేటప్పుడు ధర పలకని పల్లం అమ్మకానికి వస్తుంది. యజమానికి పనికిరాని నేల డబ్బవుతుంది, పేదకి మునిగే నేల ఇల్లవుతుంది. ఈసారి మాత్రం చేతిలో పట్టా ఉంది. అంటే కాగితం ఒక్కటే వస్తే చాలదు, ఆ కాగితం మీద రాసిన నేల నిలబడే నేల అయి ఉండాలి. ఉప్పాడ వాళ్ళకి పునరావాసం అడిగేటప్పుడు ఈ పాఠం మరిచిపోకూడదు. మత్స్యకారులకైతే ఇంకో చిక్కు కూడా ఉంది. మెరక చూపించినా అది ఒడ్డుకి దూరమైతే పడవకీ వలకీ కాపలా ఉండదు, వేట సాగదు.

ఏం అడగాలి

ఒకటి, జాబితాని గ్రామసభలో చదవాలి. పంచాయతీ గోడ మీద ఊరి దగ్గర అంటించడం చాలదు, పేటలో కూడా చదవాలి. ఎవరి పేరు రాలేదో, ఏ కారణంతో రాలేదో విడిగా ఇంకో జాబితా ఉండాలి. రానివాళ్ళ జాబితా లేకపోతే రానివాళ్ళు లేనట్టే అవుతుంది.

రెండు, లంకల్లో సాగుదారుల్ని వరద రాకముందే గుర్తించాలి. సొసైటీ లీజు ఉన్న చోట సభ్యుల పేరున సాగు వివరాలు అడంగల్‌లో ఎక్కించాలి. సి తరగతి లంకలో లీజుదారుడికి కూడా ఇసుక మేటకి, భూమి కోతకి సాయం అందేలా రాష్ట్రం తన డబ్బుతోనైనా నిబంధన పెట్టుకోవచ్చు. కేంద్రం ఇచ్చేది కనీసం, దానిమీద రాష్ట్రం కలపకూడదని ఎక్కడా లేదు.

మూడు, కోతని విపత్తుగా గుర్తించాలి. తుపాను ఉన్నా లేకపోయినా, ఇల్లు సముద్రంలో కలిస్తే ఆ కుటుంబం నిర్వాసిత కుటుంబమే. గోడకి పెట్టే ఖర్చుతో పాటు మనుషులకి పెట్టే ఖర్చు ఎంతో కూడా లెక్క చెప్పమని అడగాలి.

నాలుగు, కూలి నష్టాన్ని లెక్కలోకి తేవాలి. వరద వల్ల ఎన్ని పని దినాలు పోయాయన్నది ఉపాధి హామీ జాబ్ కార్డుల ఆధారంగా కట్టడం కష్టమేమీ కాదు.

ఐదు, ఇళ్ళ స్థలం ఇచ్చేముందు దాని నీటిమట్టం చెప్పాలి. గడిచిన పెద్ద వరదల్లో ఆ స్థలం మీద ఎన్ని అడుగుల నీరు నిలిచిందో పట్టా మీదే రాయమనాలి. కొనే అధికారి అప్పుడైనా కిందకి చూస్తాడు.

విద్యార్థులకీ టీచర్లకీ ఒక పని ఉంది. మీ ఊళ్ళో గత వరదకి రాసిన నష్టం జాబితాని సమాచార హక్కు కింద తీసుకోండి. దాన్ని పేటలో ఇంటింటికీ తీసుకెళ్ళి సరిచూడండి. ఎవరు మునిగారు, ఎవరి పేరు ఎక్కింది అన్న రెండు వరసలు పక్కపక్కన పెట్టండి. ఆ రెండు వరసల మధ్య తేడా ఏ కులంలో ఎంత ఉందో మీరే చూస్తారు. మనకి ఇప్పటిదాకా వరద చరిత్ర ఉంది, గట్ల చరిత్ర ఉంది, కాటన్ చరిత్ర ఉంది. జాబితాలో ఎక్కని పేర్ల చరిత్ర ఇంకా రాయాల్సే ఉంది. అది రాయడానికి గోదావరి మళ్ళీ పొంగేదాకా ఆగనక్కర్లేదు.